చివరి పదహారు పేజీలు

మా పెద్దమ్మది పాము పగ అని లైబ్రరీలో అందరూ అనుకునేవాళ్ళు. చాటున అనడం నాకు చేతకాదు కాబట్టి ఒకరోజు ఆవిడ ఎదురుగానే అనేశాను. ఆవిడ దారానికి మైనం పట్టిస్తూ, తల ఎత్తకుండానే, “పాము పగ పన్నెండేళ్ళేనే. నాకు ఇరవై ఆరో ఏడు నడుస్తోంది” అంది.

ఆవిడ మా లైబ్రరీలో బైండరు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్లో నేను కూర్చుంటాను. నాకు పైన ఫ్యానూ వెలుతురూ, ఆవిడకి కింద నేలమాళిగ. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. అది సరిగ్గా వీధి మట్టానికి ఉంటుంది కాబట్టి అందులోంచి మనుషులు మోకాళ్ళ వరకే కనిపిస్తారు. అక్కడ కూర్చుని కూర్చుని ఆవిడ జనాన్ని చెప్పుల్ని బట్టే గుర్తుపడుతుంది. ఒక పొడవాటి బల్ల, పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు, జిగురు డబ్బా, అట్టలు కోసే కత్తి, సూదులు గుచ్చడానికి పాత దిండు ముక్క, ఇదీ ఆవిడ రాజ్యం.

ఆ బల్ల మొదట మా తాతయ్యది. ఇద్దరు కూతుళ్ళకీ పని నేర్పబోతే మా అమ్మకి అబ్బలేదు, పెద్దమ్మకి పట్టుబడింది. తాతయ్య నేర్పిన మొదటి పాఠం, బైండరన్నవాడు అంకెలు చదవాలి గానీ అక్షరాలు చదవకూడదని. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది, దాన్ని ఫారం అంటారు. అలాంటి ఫారాలని పేజీ అంకెల వరుసలో పేర్చి, ఒకదానికొకటి కలిపి కుడితే పుస్తకం. మధ్యలో కథ చదువుతూ కూర్చుంటే వరుస తప్పుతుంది. ఏ పుస్తకం చేతికొచ్చినా పెద్దమ్మ చూపు పేజీ మూలలకే పోయేది.

తాతయ్యకి ఇంకో నమ్మకం ఉండేది. నోటితో అన్నది గాలికి పోతుంది, సిరాతో రాసింది నిజమై నిలుస్తుంది అనేవాడు. చదువుకోకుండా పుస్తకాల మధ్య బతికినవాడు, అక్షరమంటే అంత భయభక్తులు. ఆ భక్తే మా పెద్దమ్మ కొంప ముంచింది.

ఇరవై ఆరేళ్ళ కిందట మా లైబ్రరీకి ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. ఎడమచేత్తో సంతకం పెట్టేవాడు, కుడిచేత్తో మనుషుల్ని పొమ్మనేవాడు. లైబ్రరీలో రంగు బొమ్మలున్న పెద్ద పక్షుల పుస్తకం ఒకటుండేది. అట్ట ఊడి అది మరమ్మతుకి పెద్దమ్మ బల్ల మీదికొచ్చింది. ఒక సాయంత్రం ఈయన దాన్ని పైకి తెప్పించుకున్నాడు, మర్నాడు పొద్దున్న కిందికి పంపించాడు. చూస్తే ఆరు బొమ్మలు లేవు. బ్లేడుతో మొదలంటా కోసేసి ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికి పెద్దమ్మే పరుగున పైకి వెళ్ళింది. అడుసు తొక్కింది ఒకరు, కాలు కడుక్కోవలసి వచ్చింది ఇంకొకరికి.

పాడైన పుస్తకాల రిజిస్టర్లో ఆయన “బైండరు కోసి తీసినది” అని రాశాడు. రాసింది చాలదన్నట్టు రీడింగ్ హాల్లో సిబ్బందినందరినీ నిలబెట్టి పైకి చదివాడు. కోత ఎడమచేతి కోత అనీ, ఏ వైపు జారిందో చూస్తే తెలుస్తుందనీ, తనది కుడిచెయ్యి అనీ పెద్దమ్మ మొత్తుకుంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. ఆ నిప్పు ఎవరి జేబులో ఉందో చూసినవాడు లేడు. ఆ ఆరు పక్షులూ అద్దాలు కట్టించుకుని ఏ పై ఆఫీసరు ఇంటి గోడ ఎక్కాయో కొన్నాళ్ళకి అందరికీ తెలిసింది. అప్పటికే మన సూపరింటెండెంటుకి ప్రమోషనూ మేడ మీది గదీ వచ్చేశాయి, తెలిసినవాళ్ళు తెలియనట్టు ఊరుకున్నారు. పెద్దమ్మని బల్ల మీంచి లేపి పదకొండేళ్ళు బీరువాల దుమ్ము దులిపించారు. బ్లేడక్క అని పేరు కూడా పెట్టారు.

ఇదంతా ఆవిడ ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఇంట్లో జరిగింది. తాతయ్య లైబ్రరీకి వెళ్ళి, రిజిస్టరు తెరిపించుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఆ ముక్క చదువుకున్నాడు. ఇంటికొచ్చి, తను నేర్పినప్పుడు కూతురికి ఇచ్చిన కొమ్ముబద్దని, అంటే కాగితం మడతలు నొక్కే కొమ్ము ముక్కని, ఆవిడ సంచిలోంచి తీసుకుని తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ తరవాత ఆరేళ్ళు బతికాడు. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో. కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలంటే మా అమ్మతో చెప్పేవాడు, అమ్మ లేకపోతే గోడకి చెప్పేవాడు. పెద్దమ్మ తెచ్చి పెట్టేది. చివరికి అలాగే పోయాడు.

దులపడానికి చాలామందే దొరికారు గానీ కుట్టడానికి ఎవరూ దొరక్క పెద్దమ్మని మళ్ళీ బల్ల దగ్గరికి తెచ్చారు. ఈలోగా సూపరింటెండెంటు రిటైరయ్యాడు. రిటైరైనవాడు ఇంట్లో కూర్చోక, రోజూ పదింటికల్లా రీడింగ్ హాలుకి వచ్చి, ఫ్యాను కింద మూడో కుర్చీలో కూర్చునేవాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. ఫ్యాను తగ్గించమనీ, కిటికీ వెయ్యమనీ ఇంకా నాకు హుకుములే.

ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య ఉద్యోగం చేసి ఒక్కటీ చదవని మనిషికి డెబ్భై దాటాక చదువు పిచ్చి పట్టుకుంది. అదీ ఒక్క పుస్తకం మీద. ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట తెలుగులోకి వచ్చిన పాత ఫ్రెంచి నవల, రాజుల కాలం నాటి కథ, నాలుగు సంపుటాలు. వయసు మీరిన కుట్లు కాబట్టి ఆయన ఒక్కొక్క సంపుటం పూర్తిచేసే సరికి అది విడిపోయేది. నేను కిందికి పంపేదాన్ని. మొదటి సంపుటం వెళ్ళినప్పుడు చీటీ మీద పెద్దమ్మ ఆయన పేరు చూసింది. ఇంత ఇష్టంగా ఈయన ఏం చదువుతున్నాడో చూద్దామని, జన్మలో మొదటిసారి, తాతయ్య మాట దాటి అక్షరాలు చదివింది.

కథేమిటంటే, ఒక కోట అధిపతి కూతురు వేట డేగల్ని పెంచేవాణ్ణి ప్రేమిస్తుంది. ఆ పిల్ల మీద కన్నేసిన డ్యూకు ఒకడు రాణిగారి ఉంగరం తనే కాజేసి, ఆ నేరం డేగలవాడి మీద రాసి పంపుతాడు. వాణ్ణి ఉరి తీస్తారు. పిల్ల ఏడవదు. ఏడాది తిరక్కుండా ఆ డ్యూకునే పెళ్ళాడుతుంది. ఇక్కడికి వచ్చాక పెద్దమ్మ పుస్తకం మూసి, “ఇదేం మనిషే” అని నా మీద విసుక్కుంది. రెండో సంపుటంలో గానీ సంగతి అర్థం కాలేదు. పంతొమ్మిదేళ్ళు వాడి పక్కన కూర్చుని, నవ్వుతూ, వాడి స్నేహితుల్ని ఒకణ్ణొకణ్ణే దూరం చేస్తుంది, రాజు దయ పోగొడుతుంది, ఒక్కొక్క ఊరూ చెయ్యి జారేట్టు చేస్తుంది. “పనిమంతురాలు. ఒక్కొక్క కుట్టే విప్పుతోంది” అంది పెద్దమ్మ. ఆవిడ ఇంకొకరి పనిని మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు.

పైన ఆయన, కింద ఈవిడ, ఒకే నవల. ఆయనకి ఆ సంగతి తెలియదు. నాలుగో సంపుటం సగంలో ఉండగానే వెన్ను ఊడిపోతే ఆయనే పట్టుకొచ్చాడు. “వారంలో కావాలి. జాగ్రత్తగా చెయ్యమను ఆవిణ్ణి” అన్నాడు. ఆవిణ్ణి అట. పేరు నోటికి రాదు.

పెద్దమ్మ ఆ వారం ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఎనిమిదో రోజున పుస్తకం కౌంటరు మీద పెట్టి, “ఇచ్చెయ్” అంది. పైన కట్టిన చీటీ మీద “పని పూర్తికాలేదు” అని తన చేత్తోనే రాసి ఉంది. చీటీ తీసి నా సొరుగులో దాచమంది. ఏమిటని అడిగితే, “ఇవ్వమన్నాను కదా” అంది. ఇచ్చాను.

మూడో రోజు పదకొండింటికి మూడో కుర్చీ చప్పుడు చేసుకుంటూ వెనక్కి జరిగింది. ఆయన పుస్తకాన్ని నా ముందు తెరిచి పెట్టాడు. నాలుగు వందల ముప్పై రెండో పేజీ. మంచాన పడ్డ డ్యూకుకి అంతా తెలిసిపోయింది, ఎదురుగా భార్య. “ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క రోజైనా నీ పగ మరిచిపోయావా?” అని అడుగుతాడు. ఆమె కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, అని వాక్యం సగంలో ఉంది. దాని తరవాత అట్ట.

“నాకేం తెలుసు సార్, పెద్దమ్మనే అడగాలి” అన్నాను అమాయకురాలిలా. ఆయన మెట్లు దిగుతుంటే, పని ఉన్నట్టు రిజిస్టరొకటి చంకన పెట్టుకుని నేనూ వెనకాలే దిగాను. ఇంత బతుకూ బతికి ఆ ముఖం చూడకపోతే ఎలా.

“పేజీలేవీ?” అన్నాడు.

“ఉన్నాయి సార్” అంది పెద్దమ్మ కుడుతూనే.

“చించేశావా?”

“చించడం నాకు రాదు సార్. విప్పాను. కుట్టు విప్పితే కాగితానికి గాయమవదు. బ్లేడు పెట్టి కోస్తేనే అవుతుంది. మీకు నేను చెప్పాలా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన ఎడమచెయ్యి గబుక్కున జేబులోకి పోయింది. “నీ మీద కంప్లయింటు రాస్తాను” అన్నాడు.

“రాయండి. రాసే ముందు పాత రిజిస్టర్లో పక్షుల పుస్తకం పేజీ తియ్యండి. మీరు అప్పుడు రాసినదాని కింద ఖాళీ ఉంది. అక్కడ నిజం రాసి సంతకం పెట్టండి. పదహారు పేజీలూ అప్పుడిస్తాను.”

ఆయన ఇప్పటి అధికారిణి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ నన్ను పిలిచింది. నా సొరుగులోంచి చీటీ తీసి చూపించాను. పని పూర్తికాకుండానే పెద్దాయన తొందరపడ్డారు మేడమ్, ఇవ్వడం నాదే పొరపాటు అన్నాను. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. పాత పుస్తకం కదా, టైము పడుతుంది లెండి సార్ అని ఆవిడ ఆయనకి టీ ఇప్పించి పంపించేసింది.

తరవాత రెండు నెలలు ఆయన ఆ నాలుగో సంపుటం ఇంకో ప్రతి కోసం వెతకని చోటు లేదు. వేరే లైబ్రరీలకి ఉత్తరాలు రాశాడు, అల్లుణ్ణి పాత పుస్తకాల అంగళ్ళ చుట్టూ తిప్పాడు. మొదటి మూడూ ఎక్కడైనా దొరుకుతున్నాయి, నాలుగోది మాత్రం లేదు. వెతికి వెతికి వేసారి కిందికి రావడం మొదలుపెట్టాడు. కిటికీలో ఎడమ మడమ అరిగిన ఆ గోధుమరంగు చెప్పులు కనపడగానే పెద్దమ్మ, “వస్తున్నాడు” అనేది, బంధువు వస్తున్నట్టు.

“క్షమించేసి ఉంటుంది. అంతేనా?” అనేవాడు ఒకరోజు. “మీ ఊహ మీది సార్” అనేది ఈవిడ. ఇంకో రోజు విషం పెట్టిందేమోననేవాడు. మరో రోజు, ఇంత చేశాక తనే ఏడ్చిందేమోననేవాడు. ఈవిడ దారం కొరికేది. నాకూ చెప్పలేదు. “నీ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా కౌంటర్లో కూర్చుంటావు, నీ ముఖం చూసే చదివేసుకుంటాడు” అంది. కోపం వచ్చింది గానీ నిజమే.

ఒకసారి ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, “ఆ డ్యూకు మరీ అంత చెడ్డవాడు కాదేమో. రాజుల దగ్గర ఉండేవాళ్ళకి ఎన్ని ఒత్తిళ్ళుంటాయి. పైవాళ్ళు ఏదో ఆశిస్తారు” అన్నాడు.

“రాజు ఉంగరం అడగలేదు సార్. ఈయనే పట్టుకెళ్ళి ఇచ్చాడు” అంది పెద్దమ్మ.

నవల్లో డ్యూకు ఉంగరాన్ని రాజుకి ఇవ్వడు. అది ముగ్గురికీ తెలుసు. ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

వర్షాలు మొదలయ్యాక ఆయన చూపు బాగా తగ్గింది. ఒక కన్ను ఇక పనికిరాదన్నారట, రెండోదానికి ఆపరేషను పెట్టుకున్నారట, వస్తే వస్తుంది లేకపోతే లేదట. భూతద్దం పట్టుకుని అదే నాలుగు వందల ముప్పై రెండో పేజీ మీద వంగి కూర్చునేవాడు. నాకు జాలేసింది. నేను రాయిని కాను. సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఇచ్చెయ్ పెద్దమ్మా, ముసలాడు కళ్ళు పోతాయేమోనని చస్తున్నాడు అన్నాను.

ఆవిడ నడక ఆపలేదు. “మీ తాతయ్యకీ చివర్లో కళ్ళు కనపడలేదే. మంచం దగ్గర నా గొంతు విని, ఎవరని కూడా అడగలేదు. తెలిసే అడగలేదు” అంది. ఇంకెప్పుడూ నేను జాలి మాట ఎత్తలేదు.

ఆపరేషనుకి రెండు రోజుల ముందు, పొద్దున్నే, హాల్లో పేపర్లు చదివేవాళ్ళు పదిమంది ఉన్నప్పుడు ఆయన కౌంటరు దగ్గరికి వచ్చి పాత రిజిస్టరు అడిగాడు. తీసిచ్చాను. మూడో కుర్చీలో కూర్చుని, భూతద్దం కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో మూడు వాక్యాలు రాశాడు. నేను కిందికి పరిగెత్తి పెద్దమ్మని పిలుచుకొచ్చాను. ఆవిడ జిగురు చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, నిలబడే చదువుకుంది.

“పైకి చదవండి సార్” అంది.

“ఇది రీడింగ్ హాలమ్మా” అన్నాడు, నిశ్శబ్దం అని రాసిన బోర్డు చూపిస్తూ.

“అప్పుడూ ఇదే హాలు.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఈ పుస్తకంలోని ఆరు బొమ్మలూ కోసింది నేను. బైండరుకి ఏ సంబంధమూ లేదు. పైన రాసింది అబద్ధం.” మొదటి వాక్యం ఎవరికీ వినపడలేదు. పెద్దమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. పేపర్లు కిందికి దిగాయి. అప్పట్లో నిప్పు లేనిదే పొగ రాదన్నవాళ్ళలో ఒకాయన, ఇప్పుడు మా రికార్డు గది గుమాస్తా, తలుపు దగ్గర నిలబడి విన్నాడు, విని నేల చూశాడు.

పెద్దమ్మ తన సంచిలోంచి ఫారం తీసి ఆయన ముందు పెట్టింది. తెల్ల కాగితంలో చుట్టి ఉంది, ఒక్క మూలైనా నలగలేదు. ఆయన భూతద్దం పెట్టుకుని చదువుతుంటే వెనక నిలబడి నేనూ చదివాను. ఇన్నాళ్ళ ఆత్రం నాది కూడా. ఆమె కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి ఇలా అంటుంది: “ఒక్క రోజు మరిచిపోయాను. మన తోటలో మంచు కురిసిన రోజు. ఆ రోజుకి నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.” అని చెప్పి, వాడి దుప్పటి సర్ది, దీపం తీసుకుని వెళ్ళిపోతుంది. మిగతా పేజీలన్నీ ఆమె కోట దాటి వెళ్ళడం, దారి, డేగలు.

ఆయన చదవడానికి గంటపైన పట్టింది. పెద్దమ్మ కూర్చోలేదు. చదవడం అయ్యాక భూతద్దం జేబులో పెట్టుకుని, అద్దాలు తీసి, ఆవిడ ఎక్కడుందో సరిగ్గా కనపడక కొంచెం పక్కకి చూస్తూ అడిగాడు.

“నువ్వూ అంతేనా అమ్మా? ఇన్నేళ్ళలో ఒక్క రోజైనా మరిచిపోయావా?”

“ఆవిడకి ఒక రోజుంది సార్” అంది పెద్దమ్మ ఫారం తిరిగి చుట్టుకుంటూ. “నాకు మీరు అది కూడా ఉంచలేదు.”

ఆయన కుర్చీ పట్టుకుని లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయాడు. కన్ను ఏమైందో నాకు తెలియదు, మా లైబ్రరీకి మళ్ళీ రాలేదు. పెద్దమ్మ ఆ మధ్యాహ్నమే చివరి ఫారం కుట్టి, ప్రెస్సులో బిగించి, మర్నాడు నాలుగో సంపుటాన్ని మిగతా మూడింటి పక్కన తనే పెట్టి వచ్చింది.

రిజిస్టరు బయటికి తీసుకెళ్ళకూడదు. అందుకని ఆ మూడు వాక్యాలూ, సంతకం ఉన్న చోట సంతకం అనీ రాసి, ఒక కాగితం మీద నకలు తీసివ్వమని నన్ను అడిగింది. రాసిచ్చాను. ఇంటికి వెళ్ళాక తాతయ్య పెట్టె తీసింది. ఆయన పోయినప్పట్నుంచీ అది ఎవరూ తియ్యలేదు. అడుగున పాత తువ్వాలులో కొమ్ముబద్ద ఉంది. దాన్ని తీసుకుని పమిటకి తుడిచి తన సంచిలో వేసుకుంది. ఆ చోట నా కాగితం పెట్టబోతూ ఆగింది.

“సిరాతోనే రాశావుగా?”

“సిరాతోనే” అన్నాను.

కాగితం తువ్వాలులో చుట్టి పెట్టింది.

“ఇప్పుడూ మాట్లాడకపోతే ఇక ఆయనిష్టం” అని, పెట్టె మూసి తాళం వేసింది.